ఎల్ల మీద బ్రతికిన ఊరు

ధవళేశ్వరము దాటి చీలిన గోదావరి, గౌతమీ నామముతో తూర్పునకు మరలి, కోనసీమ లంకలను కుడివైపున ఒరసికొనుచు, ఎగువ దేశముల ఎఱ్ఱమట్టిని సముద్రున కప్పగింపబోవు తరుణమున, ఎడమగట్టున కోరంగి పాయను వేఱుచేయు తావున వెలసిన పట్టణము యానాం. సముద్ర మిచ్చట కంటికి కానరాదు గాని, దాని ఆజ్ఞ మాత్రము దినమునకు రెండు మార్లు అమలు జరుగుచునే యుండును; పోటు వేళ ఏటినీరు ఎగువకు తిరుగును, పాటు వేళ గట్టున కట్టిన నావలు బురదపై వాలిపోవును. దిగువన దరియాలతిప్ప, ఫ్రాంచితిప్ప మొదలగు తిప్పలు. వాని కావల, బురదలోనుండి శూలములవలె పైకి పొడుచుకొనివచ్చిన వేళ్లతో ఊపిరి పీల్చుకొను కోరంగి మడ అడవులు. ఇంత నీటి నడుమ, నేటి కాకినాడ, కోనసీమ జిల్లాల మధ్య నిమిడియున్న ఈ 30 చదరపు కిలోమీటర్ల నేల, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరి ప్రభుత్వమునకు లోబడియుండుటకు కారణము పటము చూచినంత మాత్రమున తెలియదు; దానికై మూడు వందల యేండ్లు వెనుకకు పోవలెను.

ఫ్రెంచివారు 1723లో ఇచ్చటికి వచ్చినది బట్టల వర్తకము కొఱకు. చుట్టుపట్ల గ్రామములలో సన్నని వస్త్రములను నేయు నేతగాండ్రుండిరి. పొరుగుననే ఇంజరములో ఆంగ్లేయుల కోఠీ కలదు. వర్తకము గిట్టక 1727లో లేచిపోయిన ఫ్రెంచివారు 1731లో మరల వచ్చి స్థిరపడిరి. తదాది ఐరోపాలో యుద్ధము పుట్టినప్పుడెల్ల ఆంగ్లేయులు యానాంను పట్టుకొనుటయు, సంధి కుదిరినప్పుడెల్ల తిరిగి యిచ్చివేయుటయు ఒక ఆచారమైపోయి, 1817తో గాని ఆ యిచ్చిపుచ్చుకొనుటలు ముగియలేదు. ఆ రోజులలో ఓడల రాకపోకలతో కళకళలాడిన కోరంగి రేవు 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులకు కూలి, రెండవ దెబ్బకు ఇక లేవలేకపోయినది. బర్మాలో తెలుగు కూలీలందఱికిని ‘కోరంగీలు’ అను పేరు స్థిరపడుటయే ఆ రేవునకు మిగిలిన స్మారకము.

రెండు శతాబ్దములకు మించి పాలించిన ఫ్రెంచివారు ఈ ఊరిపై వేసిన ముద్ర యెంత యని ఎవరైన అడిగినచో, చాల కొంచెమని చెప్పవలసియుండును. 1846 నాటి కాథలిక్కు దేవాలయము, కొన్ని పాత భవనములు, దస్తావేజులలో విచిత్రమైన వర్ణక్రమముతో వ్రాయబడిన మన నాయుళ్ల, శాస్త్రుల పేర్లు, ఇంతియే. ఆ పాలనలోనే మీసాల వేంకన్నకు ఉత్సవములు జరిగినవి. ఆ పాలనలోనే బాలుడైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఇచ్చట చదువుకొని, తిరుపతి వేంకట కవులలో ఒకడై ఆంధ్రదేశమును అవధానములతో ఊపివేసెను. యానాం బ్రతుకును మలచినది దొరలుగాక, దొరలు గీచిన ఎల్ల అని నా తలంపు.

బ్రిటిషు ఇండియాలో 1930 ఏప్రిలు నుండి శారదా చట్టము అమలులోనికి రాగా, పదునాలుగేండ్లు నిండని బాలికలకు వివాహము చేయదలచిన సంప్రదాయ కుటుంబములు బాజాభజంత్రీలతో, పురోహితునితో సహా ఈ ఎల్ల దాటి వచ్చి, చట్టమునకు అందని ఈ నేలపై పుస్తె కట్టించి, మఱునాడు తమ యిండ్లకు తరలిపోవుచుండెడివారు. అందుచేత ఊరికి ‘కల్యాణపుర’మను ముద్దుపేరు వచ్చినది. ఆ ముద్దుపేరును చెప్పుకొని నవ్వుకొనువారే గాని, ఆ పందిళ్లలో నిదురకు తూలిపోయిన పెండ్లికూతుండ్రను తలచుకొనువారు తక్కువ. అట్లే మంగళవారపు సంతకు, విదేశపు సరకు చౌకగా దొరకునని, చుట్టుపట్ల జనము విరుచుకొనిపడెడివారు. నేడు పెట్రోలు కొఱకు వచ్చు మోటారుబండ్ల వరుసను చూచినచో, ఆ సంత ముగిసినదని చెప్పుట కష్టము.

పరుల యేలుబడిలోను తమ భాషను నిలుపుకొన్న ఊళ్లకు లోకమున కొదవలేదు. మొరాకో దేశమున, అట్లాంటిక్ తీరమున ఎస్సావిరా అను పట్టణము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున అచ్చటి సుల్తాను తెయొడోర్ కోర్ను అను ఫ్రెంచి శిల్పిచే దాని ఆకృతిని గీయించెను. దాని వెనుకనున్న పల్లెలలో ఆర్గాన్ గింజలను రాతితో చిదిపి నూనె తీయు స్త్రీలు బర్బరు జాతివారు. తమను తాము అమజిగులమని చెప్పుకొందురు. అరబ్బు రాజులు, పిదప 1912 నుండి 1956 వఱకు ఫ్రెంచివారు ఏలినను, కచేరీలో చెల్లని తమ భాషను వారు ఇంటను, సంతలోను నిలుపుకొనిరి. అది అధికార భాషయై రాజ్యాంగమున కెక్కుటకు 2011 వఱకు వేచియుండవలసి వచ్చినది. యానాం తెలుగువారి కంత శ్రమ లేదు. ఎల్ల దాటిన నలువైపులను తెలుగే గావున, ఫ్రెంచి బడిలో కూర్చున్న పిల్లవాడు బయటికి రాగానే గోదావరి యాసలోనికి దిగిపోవుచుండెను. నేటికిని ఆ యాసలోనే శిఖామణి కవిత్వము, దాట్ల దేవదానం రాజు ‘యానాం కథలు’ ఊపిరి పోసికొన్నవి.

మొరాకో స్వతంత్రమైన 1956లోనే, మే 28న, యానాంను భారతదేశమున కప్పగించు ఒడంబడికపై సంతకములు జరిగినవి. నిజమునకు ఊరు అంతకు మునుపే చేజారినది. యానాంలోనే పుట్టి, ఫ్రెంచి పోలీసు కొలువు చేసి, తుదకు ఆ ప్రభుత్వముపైననే తిరుగబడిన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున 1954 జూన్ 13న ఇచ్చట భారత పతాక మెగిరినది. కాగితముల పని 1962 ఆగస్టు 16న గాని పూర్తికాలేదు. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వమును కోరుకొన్న కుటుంబములవారు కొందఱు ఇప్పటికిని ఆ దేశాధ్యక్షుని ఎన్నికలో ఓటు వేయుదురు.

వానకాలమున ఏటిలోనికి ఎఱ్ఱనీరు దిగగానే ఈ చరిత్ర యంతయు పులస ముందు దిగదుడుపు. సముద్రములో విలసగా తిరుగు ఈ చేప, గ్రుడ్లు పెట్టుటకై వరదకు ఎదురీది నదిలో ప్రవేశించి, ఉప్పుదనము వీడి కొవ్వు పట్టిన పిమ్మట పులస యగును. రేవున వేలంపాట జరుగునప్పుడు చూడవలెను: తట్టలో మెఱయుచున్న చేప మొప్పను బొటనవ్రేలితో ఎత్తి రంగు చూచువాడొకడు, పొట్ట నొక్కి గ్రుడ్లున్నవా యని తడవువాడొకడు, వేలకు వేలు పాట పెరుగుచుండగా మొగమున ఏ భావమును కానరానీయక కొంగుతో ఈగలను తోలుచు కూర్చుండు మత్స్యకార స్త్రీ యొకతె. ఒడిశానుండి మంచుపెట్టెలలో దిగు చేపను పులసయని అంటగట్టు ఘనులును లేకపోలేదు. బెండకాయలు, చింతపండు పులుసుతో మట్టిదాకలో సన్నసెగపై ఉడికి, మఱునాటికి గాని అసలు రుచికి రాదు ఆ కూర. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెతను పుస్తెలు ధరించువారు కల్పించియుండరని నా అనుమానము.

ఒకప్పుడు ఎదురులంకకు పంటుపై దాటవలసిన గౌతమిని నేడు బాలయోగి వారధిపై నిమిషములలో దాటుచున్నారు. ఐఫెల్ గోపురమును పోలిన ఉక్కు కట్టడమొకటి ఆకాశమునకు లేచినది. అంతకంటె ఏటిగట్టున సాయంకాలము చల్లగాలికి కూర్చుండుటయే నాకు నచ్చును. కాని ఆ గట్టునకు గోదావరితో ఎప్పుడును పేచీయే. 1986 ఆగస్టులో ఊరు మునిగినది. 2022 జూలైలో మరల మునిగినది. గట్టును ఎత్తుచేయు దస్త్రము పుదుచ్చేరి కచేరీలలో తిరుగవలెను; ధవళేశ్వరమున ఆనకట్ట తలుపులు ఎత్తువారు మాత్రము ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు. అందుచేత యానాంవాడు ఓటు పుదుచ్చేరి శాసనసభకు వేసినను, వరద దినములలో చెవి యొగ్గునది ధవళేశ్వరపు నీటిమట్టపు వార్తకే.