గేటు చూసి మురిస్తే సరిపోదు!

ఎంబీఏ కళాశాలల భవనాలు, వసతులపై ఒక పరిశీలన

జగిత్యాల : ఐసెట్ ర్యాంకులు వెలువడగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పల్లెలలో రంగుల కరపత్రాల సందడి మొదలవుతుంది. ప్రతి కరపత్రం మీదా ఒక మేడ. మేడకు అద్దాలు, ముందు పచ్చగడ్డి, పెద్ద గేటు. ఎంబీఏ చదివించే కళాశాలలన్నీ కాగితం మీద ఒక్క తీరుగానే కనిపిస్తాయి. బి.కాం. ముగించిన బిడ్డను ఎక్కడ చేర్పించాలో తేల్చుకోలేని తల్లిదండ్రులు చివరకు ఏ మేడ పెద్దదైతే ఆ మేడ వైపే మొగ్గుతున్నారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత గుర్తుకు వచ్చేది మాత్రం మొదటి సంవత్సరం ఫీజు కట్టిన తరువాతనే.

ఈ ప్రాంతంలో ఎంబీఏ సీటు అంటే ఒక కుటుంబం రెండేళ్ళ కష్టం. కొందరి ఇళ్ళలో తండ్రి గల్ఫ్ నుంచి పంపే పైసలు, కొందరి ఇళ్ళలో తల్లి చుట్టే బీడీలు, సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి పని, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు పంట ఈ చదువుకు ఆధారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి తీసుకునే తల్లికి ఫీజు ఎంతో చెబితే, అది ఎన్ని వేల బీడీలో మనసులోనే లెక్క కడుతుంది. అంత లెక్క కట్టే తల్లికి, ఆ పైసలకు బదులు బిడ్డకు దొరికేది ఏమిటో చెప్పేవారు కరువయ్యారు. దేశంలో పేరున్న వాణిజ్య విద్యాలయాల భవనాలు ఎట్లా ఉన్నవి, వాటిలో చదువుకు పనికివచ్చేది ఏది, చూపులకే పరిమితమైనది ఏది అని పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత సమాధానం దొరుకుతుంది.

గచ్చిబౌలిలో 'విద్యార్థి గ్రామాలు'

తెలుగు నేల మీద ఈ చదువుకు పెద్ద ప్రాంగణం హైదరాబాదు గచ్చిబౌలిలోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్. దీని విస్తీర్ణం 260 ఎకరాలు. 2001 డిసెంబరు 2న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి దీనిని ప్రారంభించారు. అమెరికాకు చెందిన జాన్ పోర్ట్‌మన్ సంస్థ దీనికి నమూనా గీసింది. ఇదే సంస్థ 2012లో పంజాబులోని మొహాలీలో 70 ఎకరాలలో రెండవ ప్రాంగణం తెరిచింది.

చూడవచ్చిన వారు మొదట గోపురం వంటి ప్రధాన భవనాన్నే చూస్తారు. కాని ఇక్కడ అసలు గమనించదగినవి విద్యార్థుల నివాసాలు. వీటిని 'స్టూడెంట్ విలేజ్' లని, అంటే విద్యార్థి గ్రామాలని పిలుస్తారు. ఇటువంటివి నాలుగు ఉన్నవి. ఎవరి పడక గది వారిది, కూర్చునే హాలు మాత్రం అందరిదీ. ఇంజనీరు, బ్యాంకు ఉద్యోగి, డాక్టరు ఒకే కప్పు కింద ఉంటూ రాత్రి పొద్దుపోయే దాకా ఒక కంపెనీ ఎందుకు మునిగింది, ఇంకొకటి ఎందుకు తేలింది అని వాదులాడుకుంటారు. తరగతి గదులలో కుర్చీలు మెట్లు మెట్లుగా, ఒకరి ముఖం ఒకరికి కనిపించేటట్లు ఉంటాయి. ఈ చదువు సగం మాట్లాడటం, సగం వినడం. అందుకే గదిని ఆ విధంగా కట్టారు. అయితే ఇక్కడి ఏడాది కోర్సు ఫీజు 30 లక్షల రూపాయలు దాటిపోయిందనేది కూడా గమనార్హం.

విశాఖలో అరువు గదుల చదువు

దీనికి పూర్తిగా భిన్నమైనది విశాఖపట్నం ఐఐఎం కథ. 2015 జనవరిలో గంభీరం వద్ద శంకుస్థాపన జరిగింది. అదే సంవత్సరం తరగతులు కూడా మొదలైనవి. కాని సొంత భవనం లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆవరణలో ఇచ్చిన భవనంలోనే పాఠాలు సాగాయి. గంభీరంలో 241 ఎకరాలలో నిర్మించిన శాశ్వత ప్రాంగణాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2024 ఫిబ్రవరి 20న ప్రారంభించారు. అంటే శంకుస్థాపనకు, ప్రారంభోత్సవానికి నడుమ తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆ మధ్య కాలంలో అరువు గదులలో చదివిన వారికీ పట్టా అదే, పరీక్ష అదే. మంచి ఉపాధ్యాయుడు ఉంటే గది అరువుదైనా పాఠం ఆగదని ఇది చెబుతున్నది.

పేరున్న పాత సంస్థలు కూడా ఇట్లాగే మొదలైనవి. 1961లో స్థాపించిన అహ్మదాబాదు ఐఐఎం తొలి రోజులలో ఒక బంగళాలో నడిచింది. 1973లో మొదలైన బెంగుళూరు ఐఐఎం కూడా బన్నేరుఘట్ట రోడ్డులోని 100 ఎకరాల సొంత ప్రాంగణానికి చేరక ముందు అద్దె ఇంటిలోనే ఉన్నది. హైదరాబాదులో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఇప్పటికీ బెల్లావిస్టా అనే పాత మహలులో అధికారులకు శిక్షణ ఇస్తున్నది.

ఎర్ర ఇటుకలు, రాతి వరండాలు

అహ్మదాబాదు ఐఐఎం భవనాలను అమెరికా శిల్పి లూయీ కాన్ ఎర్ర ఇటుకతో కట్టించారు. గోడలలో పెద్ద పెద్ద గుండ్రని ఖాళీలు వదిలారు. అవి అలంకారానికి కావు. ఎండను ఆపి గాలిని లోనికి పంపడానికి. వసతి గదుల నడుమ పదిమంది కూడి చాయ తాగుతూ మాట్లాడుకునే చోటు వదిలారు. లూయీ కాన్ దగ్గర పనిచేసిన బాలకృష్ణ దోషీ ఆ తరువాత బెంగుళూరు ఐఐఎంకు నమూనా గీశారు. అక్కడ గోడలన్నీ రాయి. పొడవైన వరండాలు, వాటిపై తీగలు, నడుమ నడుమ వెలుతురు. 2009లో వచ్చిన హిందీ సినిమా 'త్రీ ఇడియట్స్' లో చూపిన కళాశాల ఈ ప్రాంగణమే. దోషీకి 2018లో భవన నిర్మాణ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది. 2023లో ఆయన కన్నుమూశారు.

అయితే ఎంత గొప్ప భవనానికైనా నిర్వహణ తప్పదు. అహ్మదాబాదులో కాలక్రమేణా ఇటుకలు రాలడం, నీరు ఉరవడం మొదలైంది. 2001 భూకంపం కూడా భవనాలను దెబ్బతీసింది. గ్రంథాలయాన్ని బాగు చేయించగా ఆ పనికి 2019లో యునెస్కో అవార్డు లభించింది. కాని 2020 డిసెంబరులో 18 వసతి భవనాలలో 14 కూల్చివేస్తామని సంస్థ ప్రకటించగా దేశ విదేశాల నుంచి నిరసనలు వెల్లువెత్తాయి. 2021 జనవరి 1న ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నారు. 2022లో మాత్రం కొన్నింటిని తిరిగి కట్టక తప్పదని తెలియజేశారు. కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకొక ఎత్తు. ఏ కళాశాలకు వెళ్ళినా కొత్త రంగును కాక, మూడో అంతస్తులో నల్లా తిప్పితే నీళ్ళు వస్తున్నాయా అని చూడవలసింది ఇందుకే.

మన ముంగిట ఉన్నవి

2016 అక్టోబరు 11న పాత కరీంనగర్ జిల్లా నుంచి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వేరుపడ్డాయి. చదువుల ప్రాంగణాలు ఈ ప్రజలకు కొత్త కావు. కొండగట్టు అంజన్న దర్శనానికి పోయేవారికి తెలిసిన నాచుపల్లిలో 2007 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల నడుస్తున్నది. సిరిసిల్లలో అదే విశ్వవిద్యాలయం కళాశాల 2021లో మొదలైంది. పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నవి. ఎంబీఏ వరకు వస్తే, 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయానికి కరీంనగరులో వాణిజ్య, వ్యాపార నిర్వహణ కళాశాల ఉన్నది.

సిరిసిల్ల నుంచి కరీంనగరుకు సుమారు 40 కిలోమీటర్లు, జగిత్యాల నుంచి 50, కోరుట్ల నుంచి 75. హైదరాబాదు అంటే హాస్టలు తప్పదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి ఉచిత ప్రయాణం అమలులోకి రావడంతో ఇంటి నుంచి పోయి వచ్చే ఆడపిల్లలకు ఖర్చు తగ్గింది. హాస్టలు ఖర్చు, బస్సు వేళలు లెక్క వేసుకోకుండా మేడను చూసి దూరపు సీటు తీసుకుంటే నడిమధ్యలో చదువు మానే పరిస్థితి రావచ్చు.

పోయి చూసేవారు చూడవలసినవి

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. కళాశాలకు ఇల్లాలు ఉపాధ్యాయుడే. అఖిల భారత సాంకేతిక విద్యామండలి నిబంధనల ప్రకారం ఎంబీఏలో ప్రతి 20 మంది విద్యార్థులకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఏడాదికి 60 సీట్లు ఉన్న కళాశాలలో రెండేళ్ళకు కలిపి 120 మంది. అంటే కనీసం ఆరుగురు కావాలి. వారి పేర్లు అడగాలి. ఆ రోజు ఎందరు పాఠం చెబుతున్నారో కంటితో చూడాలి. తరగతి గదికి ఆ మండలి పెట్టిన కొలత 66 చదరపు మీటర్లు, అంటే దాదాపు 79 గజాలు. ఇంటి జాగా కొలవగలిగిన రైతుకు ఇది కొలవడం కష్టం కాదు.

అడ్మిషన్ల హడావిడి నాడు కాక, మామూలు రోజున పదకొండు గంటల వేళ పోవడం మంచిది. గ్రంథాలయంలో పుస్తకాలు అద్దాల బీరువాలో ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా చూడాలి. పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు అడిగితే కిందటి వారం ఎందరు తీసుకుపోయారో తెలుస్తుంది. కంప్యూటర్ల సంఖ్య కాదు, ఎన్ని పనిచేస్తున్నవో లెక్కపెట్టాలి. ఆడపిల్లల మరుగుదొడ్లకు గడియ, నీళ్ళు ఉన్నాయా అన్నది తల్లి స్వయంగా చూడాలి. గేటు ఎదుటి చాయ హోటల్లో రెండవ సంవత్సరం విద్యార్థులతో పావుగంట మాట్లాడితే కరపత్రం చెప్పని సంగతులు బయటపడతాయి. కిందటి ఏడు ఉద్యోగాలు వచ్చినవారి కంపెనీ పేరు, జీతం కాగితం మీద అడగాలి. గోడ మీది ఫోటోలు లెక్కలోకి రావు.

ఎంబీఏకే కాదు, 2024-25 నుంచి బీబీఏ, బీసీఏ కోర్సులకు కూడా విద్యామండలి అనుమతి అవసరమైంది. అనుమతి ఉన్నదీ లేనిదీ మండలి వెబ్‌సైటులో సెల్ ఫోనులోనే చూడవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక సర్టిఫికెట్లు అప్పగించి, తరువాత వేరేచోట సీటు వచ్చినా కదలలేనివారు ఉన్నారు.

బకాయిల భారం

కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉంటే భారం తగ్గుతుంది. అయితే ఆ సొమ్ము సకాలంలో విడుదల కావడం లేదంటూ రాష్ట్రంలోని ప్రైవేటు కళాశాలలు 2025 నవంబరులో బంద్ పాటించాయి. బకాయి పేరు చెప్పి విద్యార్థినే ముందుగా కట్టమంటారా, లేదా అన్నది చేరక ముందే అడిగి తెలుసుకోవాలి. మేనేజ్‌మెంటు కోటా వారికి ఆ ఆధారం కూడా లేదు.

చదువు ఇక్కడి పనికి వస్తుందా?

పాల రైతుల సహకార సంఘాలకు చదువుకున్న నిర్వాహకులు కావాలని వర్గీస్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ నిర్వహణ విద్యాలయాన్ని స్థాపించారు. దానిని ఆధారం చేసుకొని 2025లో దేశంలో తొలి సహకార విశ్వవిద్యాలయం ఏర్పడింది. జగిత్యాల వైపు మామిడి, మెట్‌పల్లి పసుపు, సిరిసిల్ల చీర ఇవన్నీ అమ్మకం తెలిసినవారి కోసం ఎదురుచూసే సరుకులే. పండించడం, నేయడం ఇక్కడివారికి తెలుసు. ధర వచ్చేదాకా నిలబెట్టి అమ్మే విద్య నేర్చిన పిల్లలు కావాలి. ఆ విద్య నేర్పే గదికి పైన రేకులు ఉన్నా ఫరవాలేదు.

ప్రతి కళాశాల తన ఉపాధ్యాయుల జాబితా, పూర్తి ఫీజు, హాస్టలు ఖర్చు, ఉద్యోగాల వివరాలు తెలుగులో రాసి గేటు వద్ద బోర్డు పెట్టేటట్లు అధికారులు చర్య తీసుకోవాలని, కౌన్సెలింగ్ రోజులలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో తల్లిదండ్రులకు సలహా కేంద్రాలు తెరవాలని ప్రజలు కోరుతున్నారు. అంతవరకు కరపత్రం మీది మేడను నమ్మక, ఒక పూట కూలి పోయినా సరే, బస్సెక్కి పోయి కళ్ళారా చూసి రావడమే తల్లిదండ్రులకు మేలు.