పెర్ల్ భాషలో తప్పుల తనిఖీ
1987లో లారీ వాల్ వెలువరించిన పెర్ల్ అను కంప్యూటరు భాషలో, జీతాల పట్టీని ఫైలులో వ్రాసే సబ్‌రొటీన్ ఒకటి ఉన్నదనుకొందము. నెల సరియైనదా? మొత్తము అంకెయేనా? ఫైలు తెరుచుకొన్నదా? ఈ ప్రశ్నలను ఒక ‘ఇఫ్’ కడుపులో మరొక ‘ఇఫ్’గా ఇరికించినచో అసలు పని అడుగున పడిపోవును, ఏ ‘ఎల్స్’ దేనిదో వ్రాసినవానికే అంతుపట్టదు. ప్రతి పరీక్షను ముందే విడిగా నిలిపి, తప్పిన చోటనే కారణము చెప్పి ఆపివేయుట మేలు.

‘ఓపెన్’ ప్రక్కన ‘ఆర్ డై’, అనగా ‘కాకున్న ఆగిపొమ్ము’ అని వ్రాయుట చాలమందికి అలవాటే. ‘క్లోజ్’ను మాత్రము పట్టించుకొనువారు తక్కువ! ‘ప్రింట్’ చేసిన అక్షరములు మొదట మెమరీలోని బఫరులో నిలిచి, పిమ్మట డిస్కుకు చేరును. డిస్కు నిండియున్నచో ‘ప్రింట్’ నెరవేరినట్లే తోచి, లోపము ‘క్లోజ్’ వద్ద బయటపడవచ్చును. అక్కడ ‘ఆర్ డై’ లేనిచో సగము పట్టీయే మిగిలినను, సబ్‌రొటీన్ పని ముగిసినదనియే చెప్పును.