ఎత్తు పెంచిన జీపు స్టీరింగు ఎందుకు వణుకుతుంది?



సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ముంబయి-అహమ్మదాబాద్ జాతీయ రహదారి మీద పల్సానా ఉంది. ఒకప్పుడు 8వ నంబరుగా పిలిచిన ఈ రహదారికి నేడు 48వ నంబరు. చుట్టూ చెరకు తోటలు, వాటి మధ్య బట్టకు రంగులద్దే డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి సూరత్ మరమగ్గాల మీద బతుకు వెతుక్కున్న నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను కూడా నెలకొల్పింది. ఈనాటి పాఠాన్ని ఆ మిల్లుల్లో కనిపించే ఒక చిన్న వస్తువుతో మొదలుపెడదాం.

మిల్లులో తడిబట్టను ఒక యంత్రం దగ్గర నుంచి మరో యంత్రం దగ్గరకు చేరవేసే ట్రాలీని మీలో కొందరు చూసే ఉంటారు. దానికి అన్నివైపులా తిరిగే చిన్న చక్రాలు ఉంటాయి. ఖాళీ ట్రాలీని గచ్చు మీద వేగంగా తోయండి. ఒక్కోసారి ముందు చక్రం కుడికీ ఎడమకీ టపటపా కొట్టుకుంటుంది. వేగం తగ్గిస్తే ఆగిపోతుంది. ఆ చక్రాన్ని చేత్తో పట్టుకుని ఎవరూ ఊపలేదు. మరి అది ఎలా ఊగింది?

ఇంజనీర్లు ఈ ఊపును 'షిమ్మీ' అంటారు. భుజాలు కదిలిస్తూ చేసే ఒక అమెరికన్ నృత్యానికీ అదే పేరు. ట్రాలీ దగ్గర ఇది వినోదమే. పల్సానా మీదుగా గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న జీపులో ఇదే జరిగితే ప్రాణాలకే ప్రమాదం. ఎత్తు పెంచిన జీపుల యజమానులు దీన్ని 'డెత్ వాబుల్', అంటే మృత్యుకంపం అని పిలవడం ఊరికే కాదు.

ఏ వాహనాలకు ఈ జబ్బు?

వానాకాలంలో సూరత్ ప్రాంతపు కుర్రకారు బార్డోలీ, వ్యారా దాటి డాంగ్ కొండలకు జీపుల్లో వెళ్తుంటారు. రాళ్లకు, వాగులకు బండి అడుగుభాగం తగలకుండా కొందరు స్ప్రింగులు మార్చి బండి ఎత్తు పెంచుతారు. పెద్ద టైర్లు వేయిస్తారు. కొండదారిలో ఆ బండి చక్కగానే నడుస్తుంది. తిరిగి రహదారి ఎక్కి వేగం అందుకున్నాక, వంతెన అతుకు మీదో చిన్న గుంతలోనో చక్రం పడగానే స్టీరింగు చేతుల్లో నిలవకుండా కొట్టుకోవడం మొదలవుతుంది.

ఈ జబ్బు ముఖ్యంగా రెండు ముందు చక్రాలనూ ఒకే దూలం లాంటి ఇరుసు కలిపే వాహనాల్లో కనిపిస్తుంది. పాతకాలపు విల్లీస్ తరహా జీపులు, 1985లో మన దేశంలో మార్కెట్లోకి వచ్చిన మారుతి జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ ఈ కోవకు చెందినవి. చాలా కార్లలో ముందు చక్రాలు దేనికదే విడిగా పైకీ కిందికీ కదులుతాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1934 నమూనా కార్లలో ఇలాంటి ఏర్పాటు ప్రవేశపెట్టడానికి గల కారణాల్లో షిమ్మీ బాధ ఒకటి.

చక్రంలో దాగిన బొంగరం

ఒక ప్రయోగం చేయండి. సైకిలు ముందు చక్రాన్ని ఊడదీసి, ఇరుసు రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకోండి. మిత్రుణ్ణి చక్రం గట్టిగా తిప్పమనండి. వేళ్లు ఊచల్లో పడకుండా జాగ్రత్త. ఇప్పుడు ఇరుసు ఎడమ కొసను కాస్త పైకెత్తండి. చక్రం ఒరగడంతో ఆగదు. మీ ప్రమేయం లేకుండానే పక్కకు మళ్లాలని చూస్తుంది. తిరిగే వస్తువుకు ఉండే ఈ గుణాన్ని గైరోస్కోపిక్ ప్రభావం అంటారు.

జీపులోనూ ఇదే జరుగుతుంది. ఎడమ చక్రం గతుకెక్కితే దూలం మొత్తం ఒరుగుతుంది. రెండు చక్రాలూ దానితోపాటే ఒరిగి, పక్కకు మళ్లబోతాయి. మళ్లిన టైరును రోడ్డు పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడు ఇరుసును మళ్లీ కదిలిస్తుంది. ఇలా ఒరగడం మళ్లడానికీ, మళ్లడం ఒరగడానికీ కారణమవుతాయి.

అయితే ఈ ఊపు క్రమంగా చల్లారిపోకుండా పెరగడానికి శక్తి ఎక్కడిది? బండి ముందుకు పోతున్న వేగమే ఆ శక్తి. రబ్బరు టైరు మళ్లిన వెంటనే దానిమీద పక్కబలం పూర్తిగా పుట్టదు. టైరు కొంత దూరం దొర్లాకే పుడుతుంది. ఉయ్యాల ఊపే తల్లిని గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాల వెనక్కి వచ్చి ముందుకు మళ్లే క్షణంలో చిన్నగా తోస్తే చాలు, ఊపు పెరుగుతుంది. ఆలస్యంగా వచ్చే టైరు బలం కూడా ఒక్కోసారి సరిగ్గా ఊపును పెంచే క్షణంలోనే తగులుతుంది. కీళ్లలోని రాపిడి మింగగలిగిన దానికంటే ఎక్కువ శక్తి ప్రతి ఊపులోనూ చేరితే వణుకు పెరుగుతూ పోతుంది. భౌతిక శాస్త్రంలో ఇలాంటి దాన్ని స్వయంప్రేరిత కంపనం అంటారు.

విమానాల ముందు చక్రానికీ ఈ బాధ ఉండేది. సోవియట్ గణిత శాస్త్రవేత్త మస్తిస్లావ్ కెల్దిష్ 1945లో దీనిపై ఒక గ్రంథం వెలువరించారు. ఆ కృషికి 1946లో ఆయనకు స్టాలిన్ బహుమతి లభించింది.

ఇందులోంచి మనం గ్రహించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉంది. గుంత వణుకును ప్రారంభిస్తుంది, అంతే. దాన్ని నిలిపి ఉంచేది బండిలోని లూజు, చెదిరిన కొలతలు. కాబట్టి రోడ్డును నిందించి లాభం లేదు.

ఎత్తు పెంచితే ఏమి మారుతుంది?

ముందు చక్రం ఏ గీత చుట్టూ కుడిఎడమలకు మళ్లుతుందో ఆ గీత నిటారుగా ఉండదు. పైభాగం కాస్త వెనక్కి వాలి ఉంటుంది. ఈ వాలును కాస్టర్ కోణం అంటారు. సైకిలు ముందు ఫోర్కు వాలు కూడా ఇలాంటిదే. దీనివల్ల చక్రం తనంతట తానే తిన్నని దారికి వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. టైరు వ్యాసార్థం 36 సెం.మీ., కాస్టర్ 4 డిగ్రీలు అనుకుందాం. మళ్లే గీత నేలను తాకే చోటుకు, టైరు నేలను తాకే చోటుకు మధ్య దూరం సుమారు 2.5 సెం.మీ. వస్తుంది. చక్రాన్ని తిన్నగా నిలిపేది ఈ దూరమే. ఇరుసును ఛాసిస్‌తో కలిపే చేతుల పొడవు 80 సెం.మీ. అనుకుందాం. జిమ్నీ తరహా బండిలో ఇరుసు ఆ చేతులతోపాటే తిరుగుతుంది. బండిని 5 సెం.మీ. ఎత్తితే చేతులు సుమారు 3.6 డిగ్రీలు వాలుతాయి. కాస్టర్ కూడా అంతే తగ్గి 0.4 డిగ్రీలు మిగులుతుంది. 2.5 సెం.మీ. దూరం పావు సెంటీమీటరుకు పడిపోతుంది. స్టీరింగు తేలిపోయినట్లు అనిపించడానికి ఇదీ ఒక కారణం.

కట్టల స్ప్రింగుల జీపుల్లో స్ప్రింగు ఒక కొసన ఉండే షాకిల్‌ను పొడుగు చేసినా ఇరుసు తిరిగి కాస్టర్ మారుతుంది. అలాగని కాస్టర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకండి. అతిగా పెంచినా షిమ్మీ రావచ్చు. తయారీదారు చెప్పిన హద్దులే ప్రమాణం.

రెండో మార్పు కడ్డీలలో వస్తుంది. ఇరుసు పక్కలకు జరగకుండా పట్టుకునేది పాన్‌హార్డ్ రాడ్. స్టీరింగు పెట్టె నుంచి చక్రాలకు కదలిక అందించేది డ్రాగ్ లింక్. కాయిల్ స్ప్రింగుల బండిలో ఈ రెండూ దాదాపు సమాంతరంగా ఉండాలి. ఒకదాని వాలు మారి మరొకదానిది మారకపోతే, గతుకు వచ్చినప్పుడల్లా స్టీరింగు తిప్పకుండానే చక్రాలు పక్కకు మళ్లుతాయి.

మూడోది టైరు. పెద్ద టైరు బరువెక్కువ, దాని బొంగరం గుణమూ ఎక్కువే. పాత కీళ్ల మీద అదనపు భారం పడుతుంది. టై రాడ్ కొసలో 1 మిల్లీమీటరు లూజు ఉందనుకోండి. స్టీరింగు ఆర్మ్ పొడవు 15 సెం.మీ. అయితే, 36 సెం.మీ. వ్యాసార్థపు టైరు ముందంచు దగ్గర అది 2.4 మిల్లీమీటర్ల ఆటగా మారుతుంది. మేకు మందంలో లేని లూజు టైరు దగ్గర కంటికి కనిపించేంత అవుతుందన్నమాట.

పరీక్షకు ఒక వరస

వైద్యుడు ముందు రోగి చెప్పేది వింటాడు. మెకానిక్ కూడా ముందు డ్రైవరును అడగాలి. వణుకు ఎప్పుడు వస్తోంది?

ఒక వేగం దగ్గర మొదలై, ఆ వేగం దాటితే తగ్గే సన్నని వణుకు సాధారణంగా చక్రం బ్యాలెన్సు తప్పడం వల్ల వస్తుంది. చుట్టుకొలత 2.2 మీటర్లున్న టైరు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 10 సార్లు తిరుగుతుంది. అంచు దగ్గర, కేంద్రానికి 20 సెం.మీ. దూరంలో 50 గ్రాములు ఎక్కువైతే, సుమారు 40 న్యూటన్ల బలం, అంటే 4 కిలోల బరువంత బలం, ప్రతి చుట్టుకూ చక్రాన్ని గుంజుతుంది. బ్రేకు తొక్కినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు లేదా డ్రమ్ములు చూడాలి. స్టీరింగు కంటే సీటు, అడుగుభాగం ఎక్కువగా అదిరితే ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించాలి. గతుకు తగలగానే ఒక్కసారిగా విజృంభించి, బండి బాగా నెమ్మదించేదాకా ఆగనిది షిమ్మీ.

తరువాత ఖర్చు తక్కువైన వాటితో మొదలుపెట్టి వరసగా చూడాలి.

మొదట టైర్లు. గాలి సరిగా ఉందా? ఉబ్బు ఉందా? అరుగుదల గుంటలు గుంటలుగా ఉందా? రిమ్ము వంగిందా? బ్యాలెన్సు చేయించి, ముందు టైర్లను వెనక్కి మార్చి చూడాలి. వణుకు స్వభావం మారితే టైర్లలో దోషం ఉందని అర్థం.

రెండోది స్టీరింగు ఊపి చూడడం. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. ఒకరు స్టీరింగును కుడికీ ఎడమకీ కొద్దికొద్దిగా తిప్పుతుంటే, మరొకరు పక్క నుంచి ప్రతి కీలునూ గమనించాలి, చేతితో తాకి చూడాలి. కడ్డీ కదిలినా దాని బోల్టు ఆలస్యంగా కదిలితే అక్కడే లూజు ఉంది. పాన్‌హార్డ్ రాడ్ బోల్టు రంధ్రం కోలగా అరిగిపోవడం తరచు కనిపించే లోపం. అలా అరిగిన రంధ్రంలో బోల్టును ఎంత బిగించినా పట్టు నిలవదు.

మూడోది, జాకీతో ఎత్తి స్టాండు మీద నిలిపిన చక్రాన్ని పరీక్షించడం. కేవలం జాకీని నమ్మి బండి కిందికి ఎన్నడూ వెళ్లకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే సహాయకుణ్ణి బ్రేకు తొక్కమనండి. ఆట మాయమైతే చక్రం బేరింగు, మాయం కాకపోతే కింగ్‌పిన్ లేదా బాల్ జాయింట్ అని అనుమానించాలి. కుడిఎడమల పట్టుకుని ఊపితే ఆట కనిపిస్తే టై రాడ్ కొసలు చూడాలి.

నాలుగోది కొలతలు. లూజులన్నీ సరిచేశాకే అలైన్‌మెంటు యంత్రం మీద కాస్టర్, టో కొలిపించాలి. కట్టల స్ప్రింగులకు ఏటవాలు పలకలు పెట్టి, ఇతర బండ్లలో తగిన చేతులో బుష్‌లో మార్చి కాస్టర్ సరిచేస్తారు.

చిట్టచివరిది స్టీరింగు డ్యాంపర్. చాలామంది మొదట దీన్నే మారుస్తారు, చిక్కంతా ఇక్కడే. కొత్త డ్యాంపర్ ఊపు శక్తిని మింగుతుంది కాబట్టి వణుకు కొన్నాళ్లు ఆగుతుంది. లోపల అరిగిన కీలు అరుగుతూనే ఉంటుంది. జ్వరం మాత్ర వేసి పుండును మరచిపోవడం లాంటిదిది. అది మళ్లీ బయటపడే నాటికి కీలు పూర్తిగా ఊడిపోయే స్థితిలో ఉండవచ్చు.

నడుపుతుండగా వస్తే

యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. స్టీరింగును రెండు చేతులతో తిన్నగా పట్టుకోండి, బొటనవేళ్లు ఊచల లోపల పెట్టకండి. హఠాత్తుగా బ్రేకు తొక్కకుండా నిదానంగా వేగం తగ్గించి, రోడ్డు పక్కకు చేర్చి ఆపండి. వణుకు ఆగింది కదా అని మళ్లీ అదే వేగంతో బయలుదేరవద్దు. పల్సానా రహదారి మీద భారీ లారీల రాకపోకలు ఎక్కువ. అదుపు తప్పిన ఒక్క జీపు తనతోపాటు పక్కవాళ్లనూ ప్రమాదంలోకి లాగుతుంది.

చట్టం మాటా తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని తన ఇష్టం వచ్చినట్లు మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. బండి ఎత్తు, టైర్లు మార్చాలనుకునేవారు ముందుగా రవాణా కార్యాలయంలో విచారించడం మంచిది.

విద్యార్థులారా! ట్రాలీ చక్రం, సైకిలు చక్రం, విమానం చక్రం, జీపు చక్రం ఒకే సూత్రానికి లోబడి ఉన్నాయని చూశాం. కంటికి కనిపించిన వణుకును అణచివేయడం సులువు. దానికి శక్తి ఎక్కడి నుంచి వస్తోందో, ఏ లూజు దాన్ని ఆపలేకపోతోందో వరసగా వెతకడమే అసలైన పరీక్ష. మీ ఇంట్లో గానీ, మీ వాళ్లు పనిచేసే మిల్లులో గానీ ఏ యంత్రం అదిరినా ఈ పద్ధతినే పాటించవచ్చు.

ఆలోచించండి

1. బ్యాలెన్సు తప్పిన చక్రం వణుకుకూ, షిమ్మీకీ తేడా ఏమిటి?
2. పై ఉదాహరణలో బండిని 5 సెం.మీ. బదులు 3 సెం.మీ. ఎత్తితే కాస్టర్ ఎంత మిగులుతుంది?
3. వేగం 80 నుంచి 40 కిలోమీటర్లకు తగ్గితే 50 గ్రాముల అదనపు బరువు కలిగించే బలం ఎంత అవుతుంది? సగం ఎందుకు కాదు?
4. స్టీరింగు డ్యాంపర్‌ను మొదటే మార్చకూడదని ఎందుకు అన్నాం?