క్యాసెట్టులో దాగిన ఆట

పిల్లలూ! 1986లో మా కార్వాన్ మిత్రుడి అన్నగారు గల్ఫు నుంచి స్పెక్ట్రం అనే ఇంటి కంప్యూటరు తెచ్చారు. 1982లో ఇంగ్లండులో వచ్చిన యంత్రమది. దానికి తెర లేదు. ఇంట్లోని టీవీయే తెర. లోపలి జడ్80 ప్రాసెసరు గడియారం సెకనుకు 35 లక్షల సార్లు కొట్టుకునేది. జ్ఞాపకశక్తి మాత్రం 48 కిలోబైట్లే. మీ నాన్నగారి ఫోను తీసే ఒక్క ఫోటో అందులో పట్టదు!

ఆట కావాలంటే టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టాలి. కీచుమనే ఆ కూతలే దాని భాష: పొట్టి కూత సున్న, పొడుగు కూత ఒకటి. అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి సుమా!

ఓసారి ఎక్కాలు అడిగే ప్రోగ్రాము రెండు గంటలు కూర్చుని టైపు చేశాం. క్యాసెట్టులోకి ఎక్కించబోతుండగా కరెంటు పోయింది. కరెంటు ఉన్నంతసేపే నిలిచే జ్ఞాపకశక్తి కదా, అంతా తుడిచిపెట్టుకుపోయింది. లాంతరు వెలిగించి, గుర్తున్న వరసలు కాగితం మీద రాసుకున్నాం.