గాలి పార్శిల్లో రాదు

ఫ్లోరిడా, కాలిఫోర్నియా తీరాల్లో ‘డైవ్ షాపులు’ చాలా కనిపిస్తాయి. సముద్రంలో మునిగి ఊపిరి పీల్చుకునే స్కూబా సామగ్రి అమ్మేది వాళ్లే, ఈతకొలనులో శిక్షణ ఇచ్చేదీ వాళ్లే. శిక్షణ చౌకగా ఇచ్చి, ఆ లోటును సామగ్రి మీద వచ్చే లాభంతో పూడ్చుకోవడం ఈ షాపుల్లో చాలావాటికి అలవాటు.

ఇంటర్నెట్ వచ్చాక ఆ లెక్క తలకిందులైంది. న్యూయార్క్‌లోని లీజర్‌ప్రో వంటి సంస్థలు అదే సరుకును తక్కువ ధరకు దేశమంతా పంపసాగాయి. షాపులో మాస్కు ముఖానికి పెట్టి చూసుకోవడం, ఇంటికెళ్లి ఆన్‌లైన్లో ఆర్డరివ్వడం మామూలైపోయింది. ఇంత ధరకంటే తగ్గించి ప్రకటించొద్దని కొన్ని కంపెనీలు డీలర్లకు షరతు పెట్టాయి. కనీస ధర ఒప్పందాలు వాటంతటవే చట్టవిరుద్ధం కావని, ఒక్కోదాని మంచిచెడ్డలు చూసి తేల్చాలని 2007లో ఒక తోలు సరుకుల కంపెనీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 1911 నాటి పాత తీర్పును అలా పక్కనబెట్టింది.

అయినా ధరకు కట్టిన గోడ షాపును ఎంతోకాలం కాపాడదు.

షాపు అసలు బలం వేరేచోట ఉంది. సిలిండర్లో గాలి సుమారు 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. దాన్ని రెండు దశల్లో తగ్గించి, డైవర్ ఉన్న లోతుకు తగ్గట్టు నోటికి అందించేది రెగ్యులేటర్. పది మీటర్లు దిగేసరికే ఒత్తిడి నీటిపై ఉన్నదానికి రెట్టింపవుతుంది. అక్కడ రెగ్యులేటర్ మొరాయిస్తే ప్రాణం మీదికొస్తుంది. అందుకే దాన్ని క్రమం తప్పకుండా విప్పి, అరిగిన సీళ్లు మార్చాలి. అమెరికాలో సిలిండర్‌కు ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. ఏటా లోపలి తనిఖీ కూడా జరగందే షాపులు సాధారణంగా గాలి నింపవు. ఈ పనులేవీ వెబ్‌సైటు చేయలేదు.

కాబట్టి షాపులు శిక్షణకూ సర్వీసుకూ వాటి విలువకు తగ్గ ధర ధైర్యంగా అడగాలి. ఆన్‌లైన్లో కొన్న రెగ్యులేటర్ తెచ్చినవాణ్ని కసురుకుని పంపేయడం తప్పు. రేపటి ఖాతాదారు అతనే.

మన విశాఖ రుషికొండలోనూ స్కూబా ఉంది. నేర్చుకుని సొంత సామగ్రి కొనాలనుకుంటే కాళ్లకు తొడుక్కునే ఫిన్స్ ఎక్కడైనా కొనుక్కోండి. మాస్కు మాత్రం పెట్టి చూసుకున్న షాపులోనే కొనండి. రెగ్యులేటర్‌కు డబ్బు కట్టేముందు, దాన్ని సర్వీసు చేసేవాళ్లు మీకు అందుబాటులో ఉన్నారో లేదో కనుక్కోండి.