జాబితా వచ్చాక ఏ సినిమా చూడాలి?

2023 ఆస్కార్ నామినేషన్లు జనవరిలో వచ్చాయి; బహుమతులు మార్చిలో. ఆ ఏడు వారాల్లో అన్నీ చూడడం ఉద్యోగస్తులకు అయ్యే పని కాదు. అందుకని, బ్యాంకు అలవాటు కొద్దీ, మన దేశపు చిత్రాలు మూడింటికి పద్దు వేశాను.

ముదుమలై ఏనుగుల 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' సుమారు 40 నిమిషాలు. రాత్రి భోజనం అయ్యాక చూడవచ్చు. ఢిల్లీలో గాయపడ్డ గద్దలను సాకే అన్నదమ్ముల 'ఆల్ దట్ బ్రీత్స్' గంటన్నర, అది పెద్దలకు. పాటకు నామినేషన్ వచ్చిన 'ఆర్ఆర్ఆర్' మూడు గంటలు. దానికి ఆదివారమే కావాలి.

చిక్కు భాష దగ్గర వచ్చింది. విళాత్తికుళం వైపు మన ఇళ్ళలో మాట తెలుగే గాని, బడి చదువు తమిళం. "మనది తప్పు తెలుగు, తమిళంలోనే చూద్దాం" అన్నారు పిల్లలు. నేను తెలుగుదే పెట్టించాను. అందులో భీం మాట్లాడేది తెలంగాణ యాస, రాం మాట వేరు. "అయితే అవ్వ మాట్లాడేదీ మంచి తెలుగేనా?" అంది మా చిన్నమ్మాయి. ఆ ఒక్క ప్రశ్నతో మూడు గంటలకూ లెక్క సరిపోయింది.

మార్చిలో కీరవాణి, చంద్రబోస్‌ల 'నాటు నాటు'కూ, ఏనుగుల చిత్రానికీ ఆస్కార్లు వచ్చాయి. సంతోషమే. కానీ ఈసారి జాబితా వచ్చినప్పుడు, ఏది గెలుస్తుందని కాక, చూశాక ఇంటిల్లిపాదీ దేని గురించి మాట్లాడుకుంటారో ఆలోచించి ఎంచుకోండి.