పక్క జట్టు స్టేడియం ఆలస్యమైతే ఎందుకంత నవ్వు? టాటెన్‌హామ్ కథ మనకు చెప్పేది

శని, ఆదివారాల రాత్రి టీవీ ముందు పిల్లలు ఎందుకంత గోల చేస్తారో మన ఇళ్లలో చాలామంది పెద్దలకు అంతుపట్టదు. బళ్లారి అయినా, హోసూరు అయినా, బరంపురం అయినా, షోలాపూర్ అయినా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ చూసే కుర్రకారు ఇప్పుడు ఉన్నారు. ఒకడు ఆర్సెనల్ అంటాడు, వాడి స్నేహితుడు టాటెన్‌హామ్ అంటాడు. గోల్స్ లెక్క కంటే ఒకరినొకరు ఆటపట్టించుకోవడమే ఎక్కువ. ఆ ఎకసెక్కాల్లో ఒకటి మాత్రం చాలా కాలం నడిచింది: "మీ స్టేడియం ఎప్పుడు తెరుస్తార్రా?"

ఆ ప్రశ్న వెనుక కథ ఏమిటి, అందులో నవ్వుకోదగింది ఎంత, నవ్వకూడనిది ఎంత అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

పగ ఎక్కడ మొదలైంది

టాటెన్‌హామ్ ఉత్తర లండన్ జట్టు. 1899 నుంచి వైట్ హార్ట్ లేన్ దాని సొంత మైదానం. ఆర్సెనల్ మొదట థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న వూల్‌విచ్ ప్రాంతపు జట్టు. 1913లో అది నది దాటి, ఉత్తర లండన్‌లోని హైబరీకి మకాం మార్చింది. టాటెన్‌హామ్ వాళ్ల దృష్టిలో ఇది తమ వాకిట్లోకి వచ్చి పొయ్యి పెట్టుకోవడమే. 1919లో మొదటి డివిజన్‌లో జట్ల సంఖ్య పెంచినప్పుడు, ఓటింగ్‌లో ఆర్సెనల్‌కు చోటు దక్కింది, టాటెన్‌హామ్ రెండో డివిజన్‌కు పోయింది. వందేళ్లు దాటినా ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. రెండు మైదానాల మధ్య దూరం ఆరేడు కిలోమీటర్లు. ఒకే ఆఫీసులో, ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండు జట్ల అభిమానులూ ఉంటారు. పొద్దున లేస్తే ముఖాలు చూసుకోవాల్సినవాళ్ల మధ్య ఎగతాళి ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వాయిదా మీద వాయిదా

2006లో ఆర్సెనల్ హైబరీ వదిలి, 60 వేల మంది పట్టే ఎమిరేట్స్ స్టేడియానికి మారింది. వైట్ హార్ట్ లేన్‌లో పట్టేది సుమారు 36 వేల మందే. టికెట్ల రాబడిలో తేడా ఏటా పెరిగింది. దాంతో టాటెన్‌హామ్ కూడా పాత మైదానం ఉన్నచోటే పెద్దది కట్టాలనుకుంది. 2017 మే 14న మాంచెస్టర్ యునైటెడ్‌పై 2-1తో గెలిచి పాత మైదానానికి వీడ్కోలు చెప్పింది. తర్వాతి సీజన్ మొత్తం వెంబ్లీలో అద్దెకు ఆడింది.

కొత్త స్టేడియంలో మొదటి మ్యాచ్ 2018 సెప్టెంబర్ 15న, లివర్‌పూల్‌తో అని ప్రకటించారు. నెల రోజుల ముందు, ఆగస్టు 13న, భద్రతా వ్యవస్థల్లో లోపాలు బయటపడ్డాయని క్లబ్ చెప్పింది. లివర్‌పూల్ మ్యాచ్ వెంబ్లీకి మారింది, టాటెన్‌హామ్ 1-2తో ఓడింది. సెప్టెంబర్ 26న వాట్‌ఫర్డ్‌తో లీగ్ కప్ మ్యాచ్‌కు లండన్‌లో చోటు కుదరక మిల్టన్ కీన్స్ పట్టణానికి వెళ్లి ఆడారు. కొత్త స్టేడియంలో జరగాల్సిన అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా వెంబ్లీకే పోయింది. అక్టోబర్ 29న మాంచెస్టర్ సిటీతో ఆడే నాటికి వెంబ్లీ గడ్డి మీద ముందురోజు జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ గీతలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఆ మ్యాచ్ కూడా టాటెన్‌హామ్ 0-1తో ఓడింది.

పైగా 2018 వేసవిలో ఆ జట్టు ఒక్క ఆటగాడిని కూడా కొనలేదు. 2019 జనవరిలోనూ కొనలేదు. డబ్బంతా ఇటుకలకే పోయిందని ఎదుటి అభిమానులు పకపకా నవ్వారు. గ్లాసు అడుగు నుంచి బీరు నిండే యంత్రాలు, 65 మీటర్ల పొడవైన బార్, చీజ్ కోసం ప్రత్యేక గది ఉంటుందన్న వార్త అన్నీ హాస్యానికి సరుకయ్యాయి. ప్రతి వాయిదాకూ ఒక కొత్త జోకు పుట్టింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అని మన పెద్దలు ఊరికే అనలేదు. గృహప్రవేశం ముహూర్తం తప్పితే చుట్టాలు ఏమంటారో ఇల్లు కట్టిన ప్రతివాడికీ తెలుసు.

ఆలస్యానికి అసలు కారణం

అయితే ఆ ఆలస్యం రంగులు వేయడం మిగిలిపోయి వచ్చింది కాదు. ఆగిపోయింది భద్రతకు సంబంధించిన వైరింగ్, వ్యవస్థల దగ్గర. ఇంగ్లండ్‌లో పెద్ద మైదానంలోకి జనాన్ని అనుమతించాలంటే స్థానిక మండలి ఇచ్చే భద్రతా ధ్రువపత్రం ఉండాలి. 1971లో గ్లాస్గో నగరపు ఐబ్రాక్స్ మైదానంలో మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది చనిపోయాక, 1975లో ఇందుకు చట్టం వచ్చింది. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్‌కు నిప్పంటుకుని 56 మంది చనిపోయారు. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో తొక్కిడిలో నలిగి 97 మంది పోయారు. టాటెన్‌హామ్ పనులు సాగుతుండగానే, 2017 జూన్‌లో లండన్‌లోనే గ్రెన్‌ఫెల్ టవర్ మంటల్లో 72 మంది ప్రాణాలు పోయాయి.

ఇవన్నీ గుర్తున్న ఊళ్లో, నిప్పు రాజుకుంటే పసిగట్టే ఏర్పాట్లు సరిగ్గా లేకుండా 60 వేల మందిని ఎవరు లోపలికి పంపుతారు? క్లబ్ ముందుగానే తేదీలు ప్రకటించి టికెట్లు అమ్మడం తప్పే. లోపం తెలిశాక తలుపులు మూసి ఉంచడం మాత్రం ఒప్పు. తర్వాత రెండు పరీక్షా మ్యాచ్‌లు పెట్టారు. 2019 మార్చి 24న కుర్రాళ్ల మ్యాచ్, మార్చి 30న పాత ఆటగాళ్ల మ్యాచ్. రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువ మందిని అనుమతించారు. అంతా సరిగ్గా ఉందని తేలాకే, ఏప్రిల్ 3న క్రిస్టల్ ప్యాలెస్‌తో అసలు మ్యాచ్ జరిగింది. టాటెన్‌హామ్ 2-0తో గెలిచింది. కొత్త మైదానంలో తొలి లీగ్ గోల్ దక్షిణ కొరియా ఆటగాడు సోన్ హ్యూంగ్‌మిన్‌ది.

నవ్వినవాళ్ల ఇంటి సంగతి

గురివింద గింజ తన నలుపెరుగదంటారు. అందరికంటే ఎక్కువగా నవ్విన ఆర్సెనల్ కొత్త స్టేడియానికి పెట్టిన ఖర్చు 39 కోట్ల పౌండ్లు. ఆ అప్పు తీర్చే సంవత్సరాల్లో మంచి ఆటగాళ్లను అమ్ముకోవాల్సి వచ్చింది. 2005 తర్వాత మళ్లీ 2014 వరకు ఒక్క కప్పూ దక్కలేదు. అప్పుడు నవ్వింది టాటెన్‌హామ్ వాళ్లు.

తూర్పు లండన్‌లోని వెస్ట్‌హామ్‌ది ఇంకో కథ. 1904 నుంచి ఉన్న అప్టన్ పార్క్‌ను 2016లో వదిలి, ఒలింపిక్స్ కోసం కట్టిన స్టేడియానికి 99 ఏళ్ల ఒప్పందం మీద వెళ్లింది. అది పరుగు పందేల కోసం కట్టింది కాబట్టి సీట్లు గడ్డికి దూరంగా ఉంటాయి. ఆట ఆవలి ఒడ్డున జరుగుతున్నట్టుందని సొంత అభిమానులే విసుక్కున్నారు. 2018 మార్చి 10న బర్న్‌లీ చేతిలో 0-3తో ఓడుతున్నప్పుడు కొందరు మైదానంలోకి దూసుకొచ్చారు, మరికొందరు యజమానులు కూర్చున్న చోటు కింద గుమిగూడి నినాదాలు చేశారు. అదే వెస్ట్‌హామ్ 2019 ఏప్రిల్ 27న టాటెన్‌హామ్ కొత్త ఇంటికి వెళ్లి 1-0తో గెలిచింది. అక్కడ గెలిచిన మొదటి బయటి జట్టు తామేనని ఇప్పటికీ చెప్పుకుంటారు.

టాటెన్‌హామ్ అద్దెకున్న వెంబ్లీ కూడా గడువుకు పూర్తయినది కాదు. 2006 ఎఫ్‌ఏ కప్ ఫైనల్ అక్కడ జరగాల్సి ఉండగా పనులు కాక కార్డిఫ్‌లో ఆడించారు. తలుపులు తెరిచింది 2007లో.

నవ్వులో కనబడనివాళ్లు

ఈ గోలలో ఎవరికీ పట్టనిది ఒకటుంది. స్టేడియం స్థలం కోసం చుట్టుపక్కల దుకాణాలు, కర్మాగారాలు ఖాళీ అయ్యాయి. ఒక కుటుంబం నడిపే లోహపు పనుల కర్మాగారం కదలనని కోర్టుకు వెళ్లి 2015లో ఓడిపోయింది. 2011 ఆగస్టులో లండన్ అల్లర్లు మొదలైన పేట అది. స్టేడియం వస్తే పనులు, ఇళ్లు వస్తాయని ఒక మాట, అద్దెలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోవాలని ఇంకో మాట. తరతరాలుగా ఒకచోట ఉండి, రోడ్డు వెడల్పుకో ప్రాజెక్టుకో ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. నష్టపరిహారం కాగితం పాత వాకిలిని తిరిగి తేలేదని వాళ్లకు తెలుసు.

హద్దు ఎక్కడ

ఉత్తర లండన్ యూదులు చాలామంది మొదటి నుంచి టాటెన్‌హామ్ అభిమానులు. అందుకని ఆ జట్టు మీద ఎగతాళి ఎన్నోసార్లు యూదుల మీద దూషణగా మారింది. హిట్లర్ కాలపు విషవాయువు గదులను గుర్తు చేసేలా బుసకొట్టినట్టు శబ్దాలు చేసినవాళ్లూ ఉన్నారు. దీన్ని ఆటలో భాగమని ఎవరూ అనలేరు. స్టేడియం ఆలస్యమైందని నవ్వితే యజమాని జవాబు చెప్పుకుంటాడు. పుట్టుకను చూసి నవ్వితే జవాబు చెప్పాల్సింది నవ్వినవాడే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. పక్క రాష్ట్రంలో బడికి వెళ్లే మన పిల్లల యాసను, ఇంటిపేరును వెక్కిరించిన రోజులు చాలా ఇళ్లలో గుర్తున్నాయి. అదే తప్పు మన పిల్లలు ఇంకొకరి మీద చేయకుండా చూడాల్సిందీ మనమే.

మంచి ఎకసెక్కం ఎలా ఉంటుందో కోల్‌కతా చూపిస్తుంది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. యానాంవాళ్లు పులస అనేది ఆ ఇలిష్‌నే. ఓడినవాడిని వెక్కిరించి, చివరికి ఇద్దరూ భోజనానికే కూర్చుంటారు.

కాబట్టి ఈసారి ఇంట్లో పిల్లలు ఎదుటి జట్టు స్టేడియం గురించి నవ్వుతుంటే ఆపకండి. పక్కన కూర్చుని ఒక్కమాట అడగండి: "ఆ తలుపులు ఎందుకు తెరవలేదో తెలుసా?" బ్రాడ్‌ఫర్డ్ గురించి, హిల్స్‌బరో గురించి చెప్పండి. తర్వాత మీరూ వాళ్లతో కలిసి నవ్వండి.